సీసాలో వేసే ముందు ఆకు పేరు తెలుసుకోండి

సంపాదకుల వారికి నమస్కారం.

ముంగారు వానలు పడి, బడులు తెరిచి నెల తిరిగేసరికి మన అనంతపురం, కడప, కర్నూలు ఊళ్లలో పిల్లలకు ఒక ప్రాజెక్టు వచ్చి పడుతుంది: సీతాకోకచిలుక జీవిత చక్రం. ఆ రోజుల్లోనే పిల్లల పేజీల్లో 'గొంగళి పురుగును పెంచి చూడండి' అంటూ నాలుగు వాక్యాల పెట్టె కూడా కనబడుతుంటుంది. ఆలోచన మంచిదే. ఆ నాలుగు వాక్యాల్లో పట్టని సంగతులతోనే చిక్కు. మునగ చెట్టు మీదో, కంచె మీదో దొరికిన పురుగును ఖాళీ హార్లిక్స్ సీసాలో వేస్తారు. మూతకు మేకుతో నాలుగు బొక్కలు పొడుస్తారు. చేతికందిన ఆకు గుప్పెడు కుక్కుతారు. బాగా కనబడాలని సీసాను కిటికీ ఎండలో పెడతారు. మూడో రోజుకు ఆకు మగ్గి, పురుగు నల్లబడి, మూత తీస్తే కంపు. పెద్దవాళ్లు 'పురుగులంతే, బతకవు' అనేసి పారబోస్తారు. ఈ జాబు ఆ మూడో రోజును దాటించడం గురించి.

ముందుగా ఒకటి తేల్చుకోవాలి. మేక ఏ ఆకైనా మేస్తుంది, గొంగళి పురుగు మేయదు. చాలా రకాల పురుగులకు ఒకటో రెండో, మహా అయితే ఒకే కుటుంబానికి చెందిన నాలుగైదు చెట్లు తిండి. తల్లి సీతాకోకచిలుక కాళ్లతో ఆకును తట్టి రుచి చూసుకుని మరీ గుడ్డు పెట్టేది అందుకే. జిల్లేడు మీది పురుగుకు కరివేపాకు వేస్తే అది పస్తుండి చస్తుంది గానీ ముట్టదు. కాబట్టి తోటలో తిరిగి పురుగును వెతకడం కాదు మొదటి పని, ఇంట్లో కుండీలో మొక్క ఉండటం. మందు కొట్టని మొక్క ఒకటి చేతిలో ఉంటే పురుగు దానంతటదే వస్తుంది. లేకుంటే పురుగు దొరికినా తేకపోవడమే మేలు.

మన ప్రాంతంలో అందుబాటులో ఉన్న పురుగుల్లో అన్నిటికంటే తేలిక నిమ్మ, చీనీ, కరివేపాకు మీద పెరిగేది. ఇంగ్లీషు వాళ్లు లైమ్ బటర్‌ఫ్లై అంటారు. లేత ఆకు మీద ఆవగింజంత, లేత పసుపు రంగులో, ఒక్కొక్కటిగా గుండ్రటి గుడ్లు కనబడితే అవి ఎక్కువగా దీనివే. గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పగులుతుంది. పురుగు మొదట్లో గోధుమ, నలుపు రంగుల మీద తెల్లటి మచ్చతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. చాలామంది ఇదేదో రెట్ట అనుకుని తుడిచేస్తారు. నాలుగోసారి చర్మం విడిచాక ఆకుపచ్చగా మారి నాలుగు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అదిలిస్తే తల వెనక నుంచి పాము నాలుకలా చీలిన ఎర్రటి కొమ్ము బయటపెట్టి ఘాటైన వాసన కొడుతుంది. చీమలను, పిట్టలను బెదిరించడానికే ఆ కొమ్ము, మనల్నేమీ చేయదు. కరివేపాకు మీద దీని దగ్గరి చుట్టం కామన్ మార్మన్ కూడా పెరుగుతుంది. రెండింటి పెంపకం ఒకటే.

రెండోది జిల్లేడు పురుగు. ఒంటి నిండా నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, వీపు మీద మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములు. ఇది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక అవుతుంది, నారింజ రంగు రెక్కలకు నల్ల అంచు. మన బీళ్లలో, రైలు కట్టల పక్కన జిల్లేడుకు కొదవ లేదు గనుక ఆకు కరువు రాదు. అయితే జిల్లేడు పాలు కంట్లో పడితే కంటి నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని చూపు మసకబారుతుంది. ఆకు కోసే పని పెద్దవాళ్లే చేయాలి, చేతులు సబ్బుతో కడుక్కునే దాకా ముఖం ముట్టకూడదు. పొరపాటున పడితే ఆగకుండా నీళ్లతో కడుగుతూ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చిన్న పిల్లలున్న ఇంటికి ఈ పురుగు వద్దనే చెబుతాను.

తంగేడు, రేల మీద పచ్చగా సన్నగా ఉండే పురుగులు లేత పసుపు, లేత ఆకుపచ్చ సీతాకోకచిలుకలవుతాయి. నిటారుగా పెరిగే అశోక చెట్టు, సీతాఫలం మీద టెయిల్డ్ జే అనే సీతాకోకచిలుక పురుగు దొరుకుతుంది. ఆముదం మీద ముళ్లముళ్లుగా ఉండి వీపున గీత ఉన్నది సీతాకోకచిలుక పురుగు. నడుము వంచి దండాలు పెడుతున్నట్టు నడిచేది రైతులు దాసరి పురుగు అనేది, అది సీతాకోకచిలుక కాక రెక్కల పురుగు (ఇంగ్లీషులో మాత్) అవుతుంది.

ఇక తేకూడనివి. ఒంటి నిండా బొచ్చున్న దేన్నీ ముట్టొద్దు. మునగ కాండానికి గుంపుగా గోనెగుడ్డ చుట్టినట్టు అంటుకునే కంబళి పురుగు మనందరికీ తెలిసిందే. ఆ వెంట్రుకలు చర్మంలో గుచ్చుకుని విరిగి దద్దురులు లేస్తాయి. పురుగు చచ్చి ఎండినా వెంట్రుక పని వెంట్రుకదే. గోనెపట్టతో రుద్దే అలవాటు మానాలి, రుద్దితే విరిగిన ముక్కలు ఇంకా లోపలికి దిగుతాయి. సెల్లో టేపు అంటించి పీకాలి. ఒకే ముక్కను రెండోసారి వాడకుండా నాలుగైదు సార్లు అలా చేసి, సబ్బు నీళ్లతో కడిగి, చల్లటి గుడ్డ వేయాలి. కంట్లో పడినా, పెదాలు వాచినా, ఆయాసం వచ్చినా ఇంటి వైద్యం కాదు, ఆస్పత్రి. ఆముదం ఆకు అడుగున ముద్దగా, జెల్లీలా పచ్చగా ఉండి ముళ్ల కుచ్చులున్న పురుగు కూడా నిప్పంటుకున్నట్టు మండిస్తుంది. అందంగా ఉందని పిల్లలు చెయ్యి పెట్టేది దాని మీదే.

శెనక్కాయ చేలలో తొలకరి తర్వాత వరసపెట్టి నడిచే ఎర్ర గొంగళి పురుగును కూడా కొందరు పిల్లలు తెస్తారు, సులభంగా దొరుకుతుంది కాబట్టి. బొచ్చు సంగతి అటుంచితే, అది నేలలోకి దూరి కోశమై (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) మళ్లీ ఏడాది వానల దాకా కదలదు. మూడు వారాల ప్రాజెక్టుకు అది పనికొచ్చే రకం కాదు. బయటికి వచ్చాక వదిలితే పక్క చేను రైతుకు శత్రువు.

ఇలాంటిదే ఇంకొకటి, తెలియక చేసే తప్పు. తిప్పతీగ, దూసర తీగ మీద వెల్వెట్ గుడ్డలా నల్లగా, పక్కన కళ్ల లాంటి చుక్కలతో, లావుగా వంపు తిరిగిన పురుగు కనబడుతుంది. చూడముచ్చటగా ఉంటుంది, పెంచడమూ సులువే. కానీ అది రసం పీల్చే రెక్కల పురుగు. రాత్రిపూట చీనీ, దానిమ్మ కాయలకు ముట్టెతో బొక్క పెట్టి రసం తాగుతుంది, బొక్క పడిన కాయ కుళ్లి రాలుతుంది. చీనీ తోటల చుట్టుపక్కల తిప్పతీగ పీకేయమని రైతులకు చెప్పేది దీనికోసమే. అనంతపురం జిల్లాలో కూర్చుని దాన్ని పెంచి ఎగరేయడం బాగుండదు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పులులకు, జింకలకే కాదు, కొన్ని సీతాకోకచిలుకలకు కూడా వర్తిస్తుంది. ఈశ్వరి తీగ, గాడిదగడపాకు తినే క్రిమ్సన్ రోజ్, గంగపావిలాకు తినే డానైడ్ ఎగ్‌ఫ్లై ఆ చట్టం రక్షిత జాబితాల్లో (షెడ్యూళ్లలో) చాలాకాలం కనిపించిన పేర్లు. ఈ మూడు మొక్కల మీది పురుగులను ఉన్నచోటే చూసి వదిలేయాలి. నల్లమల, లంకమల లాంటి అభయారణ్యాల నుంచి ఏ పురుగునూ, ఆకునూ తేకూడదు. ఇంటి ముందు నిమ్మ చెట్టుకు ఈ తంటా లేదు.

ఇప్పుడు ఇల్లు. మూతున్న సీసా కంటే అన్నం గిన్నెల మీద ఈగలు వాలకుండా కప్పే జాలీ గొడుగు నయం. గాలి ఆడుతుంది, లోపల ఆవిరి పట్టదు, పురుగు జాలీని పట్టుకుని ఎక్కగలదు. కింద పళ్లెంలో పాత వార్తాపత్రిక పరిచి, దాని మీద ఆకు కొమ్మ, దాని మీద జాలీ. సీసానే వాడాలనుకుంటే మూడు లీటర్లకు తక్కువ కాకుండా వెడల్పు మూతి ఉన్నది తీసుకుని, మూత బదులు దోమతెర ముక్కో పాత వాయిలు చీర ముక్కో కట్టి రబ్బరు బ్యాండు వేయాలి. అందులో రెండు పురుగులకు మించొద్దు. అన్నిటికంటే మేలైనది మొక్క మీదే తొడుగు. దోమతెర గుడ్డతో అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు సంచి కుట్టి, కొమ్మకు తొడిగి, కింది మూతిని తాడుతో బిగించాలి. ఆకు వాడదు, శుభ్రం చేసే పనీ తక్కువ. అడుగున్నర ఎత్తు కుండీ కరివేపాకు మొక్క మీద రెండు పురుగులు, పెద్ద నిమ్మ మొక్కైతే నాలుగు. అంతకు మించితే చివరి వారంలో మొక్క మోడు మిగులుతుంది.

ఆ చివరి వారమే అందరూ లెక్క తప్పేది. పట్టుపురుగు జీవితకాలంలో తినే ఆకులో ఎనభై శాతానికి పైగా ఆఖరి దశలోనే తింటుంది, మిగతా గొంగళి పురుగుల తీరూ అదే. మొదటి వారం రోజుకు ఒక ఆకు కూడా పూర్తి చేయని పురుగు, పదో రోజు దాటాక రాత్రికి రాత్రి రెమ్మను ఈనెలతో సహా మిగల్చకుండా తింటుంది. 'మొన్నటిదాకా సరిపోయింది' అని ఊరెళ్లిన ఇంట్లో పురుగు ఆకలితో జాలీ చుట్టూ తిరుగుతుంటుంది.

కోసిన కొమ్మ పెట్టాలంటే చిన్న సీసాలో నీళ్లు పోసి కొమ్మను నిలబెట్టి, కొమ్మకూ సీసా మూతికీ మధ్య సందును దూదితో గట్టిగా కూరాలి. ఇది మరిస్తే పురుగు కాండం పట్టుకుని కిందికి దిగి నేరుగా నీళ్లలోకి వెళ్లి మునుగుతుంది. వెనక్కి తిరిగే తెలివి దానికి లేదు. తాగడానికంటూ గిన్నెలో నీళ్లు పెట్టనక్కరలేదు, ఆకులోని తడే చాలు. ఆకును కోసిన వెంటనే తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాస్తే రెండు మూడు రోజులు నిలుస్తుంది. వేసే ముందు అరగంట బయటపెట్టి, పైన పట్టిన చెమ్మ తుడవాలి. తడి ఆకు తిన్న పురుగు పెంటికలు గట్టిగా ఉండక నీళ్లుగా పోతాయి, అక్కడి నుంచి రోగం మొదలవుతుంది. నిమ్మ మీద పుట్టిన పురుగుకు నడిమధ్యలో కరివేపాకు మార్చకూడదు. కొన్ని తింటాయి, కొన్ని భీష్మించుకుని కూర్చుంటాయి. ఆ పరీక్ష మనం పెట్టాల్సిన పని లేదు.

మందు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంట్లో పెంచిన పురుగులు మందు వల్ల చాలానే చస్తాయి, అదీ మనకు కనబడకుండా. బజారు కరివేపాకు కట్ట వేయొద్దు. దాని మీద కొట్టిన మందు నీళ్లతో కడిగితే పూర్తిగా పోదు, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి ఆకు రసంలోకే ఎక్కుతాయి గనుక కడిగినా లాభం లేదు. చీనీ తోటలో ఆకుముడతకు, నల్లికి, తెల్లదోమకు మందులు కొడుతూనే ఉంటారు, తోట ఆకు కూడా వద్దు. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కను నమ్మకూడదు, కొత్త చిగుళ్లు రెండు మూడు విడతలు వచ్చేదాకా ఆగాలి. మందు తగిలిన పురుగు ఎలా ఉంటుందో చూస్తే మరవలేరు. తల విదిలిస్తుంది, నోట్లోంచి పచ్చటి నీరు కక్కుతుంది, ఒళ్లు మెలితిరిగి పట్టు వదిలి పడిపోతుంది. అప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. మిగతా వాటికి ఆకు మార్చడమొక్కటే దారి.

ఇంటి లోపలి మందులు ఇంకా మోసం. దోమల చుట్ట, ప్లగ్గుకు పెట్టే దోమల ద్రవం, బొద్దింకల స్ప్రే, చీమలమందు సుద్దముక్క, ఇవన్నీ పురుగులను చంపడానికే తయారైనవి. దోమకూ గొంగళికీ తేడా వాటికి తెలియదు. దోమల చుట్ట వెలిగించే గదిలో పురుగును ఉంచకూడదు. వీధిలో ఫాగింగ్ బండి వచ్చినప్పుడు జాలీని లోపలి గదిలోకి మార్చి తలుపు వేయాలి. సాంబ్రాణి, అగరొత్తుల పొగకూ దూరంగానే ఉంచాలి. వేపాకు మంచిది కదా అని పక్కన పెట్టేవాళ్లున్నారు. పురుగు తిండి మానేసేలా చేసే గుణమే వేపది. ఇక చేతులు. శానిటైజరు, పౌడరు, దోమల క్రీము పూసుకున్న చేత్తో ముడితే అది పురుగు ఒంటికి అంటుతుంది. బీడీ, పొగాకు, గుట్కా నలిపిన చెయ్యి సరేసరి, నికోటిన్ పురుగుకు విషం.

సుద్దముక్క లేకుండా చీమలను ఆపాలంటే పాత పద్ధతే ఉంది. పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో బోర్లించిన గిన్నె మీద జాలీనీ దాని పళ్లేన్నీ కలిపి పెట్టాలి. గోడకు ఆనకూడదు, పైనుంచి తీగ వేలాడకూడదు. చీమలు గుడ్లను, అప్పుడే పుట్టిన పిల్లలను, ముఖ్యంగా కదలకుండా ఉన్న కోశాన్ని ఒక్క రాత్రిలో తోడేస్తాయి. జాలీకి చిన్న బొక్క పడి ఉన్నా చాలు, బల్లి దూరుతుంది.

పెంటికలు రోజూ ఎత్తేయాలి, పేపరు మార్చాలి. పురుగు ఆకు మీద ఉంటే దాన్ని తీయనక్కరలేదు, కొత్త ఆకును పాత ఆకుకు తాకేలా పెడితే అదే ఎక్కుతుంది. తప్పనిసరైతే మెత్తటి పెయింటు కుంచెతో ఎత్తాలి. వేళ్లతో పట్టి లాగకూడదు. పొట్ట కింద కాళ్లకు సన్నని కొక్కేలుంటాయి, అవి ఆకును వదలవు, లాగితే కాలు చిరిగి రసం కారుతుంది.

మధ్యమధ్యలో పురుగు ఒకరోజు పాటు తినకుండా, కదలకుండా, తల కొంచెం పైకెత్తి కూర్చుంటుంది. ఒంట్లో బాగాలేదని కంగారు పడి కదిలించేది ఇక్కడే. హిందూపురం, మడకశిర వైపు పట్టు రైతులు దీన్ని జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటాకే పురుగు గూడు కడుతుంది. నిజానికి అది చర్మం విడిచే సమయం. ఆకు మీద సన్నగా పట్టు పరుచుకుని, కాళ్లు దానికి బిగించుకుని, పాత చర్మం లోంచి ముందుకు జరుగుతుంది. ఆ పట్టు తెంపి పక్కకు మారిస్తే చర్మం వెనకభాగంలో ఇరుక్కుని చస్తుంది. పాత ఆకు ఎండినా సరే, అది కూర్చున్న ముక్క వరకు కత్తిరించి అలాగే కొత్త కొమ్మ మీద పెట్టాలి. విడిచిన చర్మాన్ని అదే తినేస్తుంది, తీసేయొద్దు.

రెండు వారాలు దాటాక ఒకరోజు పెంటికలకు బదులు పెద్ద తడి విసర్జన పోసి, తిండి మాని, జాలీ అంతా గాబరాగా తిరగడం మొదలుపెడుతుంది. విరేచనాలని భయపడొద్దు. పొట్ట ఖాళీ చేసుకుని కోశానికి చోటు వెతుక్కుంటోంది. ఈపాటికే ఏటవాలుగా గరుకు పుల్లలు రెండు మూడు లోపల ఆనించి ఉండాలి, కనీసం జానెడు పొడవు. నున్నటి గాజు, ప్లాస్టిక్ మీద పట్టు సరిగా అంటుకోదు. నిమ్మ పురుగు తల పైకి పెట్టి నడుముకు దారపు పోగు కట్టుకుని ఆనుకుంటుంది, కల్లుగీత కార్మికుడు మోకుతో చెట్టుకు ఆనినట్టు. జిల్లేడు పురుగు తోక పైకి, తల కిందికి వేలాడి కొక్కెంలా వంపు తిరుగుతుంది. ఒకరోజులో చర్మం ఊడి కోశం బయటపడుతుంది. ఆ తర్వాత ఇరవైనాలుగు గంటలు అది పచ్చి మైనం లాంటిది. ముడితే సొట్ట పడుతుంది, సొట్ట పడినచోట రెక్క వంకర తిరుగుతుంది. నిమ్మ పురుగు కోశం పచ్చటి కొమ్మ మీద పచ్చగా, ఎండు పుల్ల మీద గోధుమ రంగులో వస్తుంది. గోధుమ రంగు చూసి చచ్చిందనుకోవడం మామూలు పొరపాటు.

కోశం ఊడి పడితే పారేయకండి. నిమ్మ రకానికైతే కాగితంతో శనగల పొట్లం చుట్టి, కోశం తల పైకి వచ్చేలా అందులో నిలబెట్టి, పొట్లాన్ని గోడకు గుచ్చాలి. కాగితం గరుకుగా ఉండాలి. వేలాడే రకానికి తోక చివర పట్టు పీచు మిగిలి ఉంటే దాన్ని దారంతో కట్టాలి, లేదా చివరకు మాత్రమే ఫెవికాల్ చుక్క పెట్టి పుల్లకు అంటించి ఆరాక వేలాడదీయాలి. నేల మీద పడుకుని బయటికొచ్చిన సీతాకోకచిలుకకు రెక్కలు జారడానికి చోటుండదు. ముడతలు పడి అలాగే ఎండిపోతాయి, అది ఇక ఎగరదు.

బతికున్న కోశాన్ని సుతారంగా తాకితే నడుము ఆడిస్తుంది. నల్లబడి, మెత్తబడి, కంపు కొడితే పోయినట్టే. అయితే ఎనిమిది పది రోజులకు కోశం నల్లబడి లోపలి రెక్కల రంగు కనబడితే అది చావు కాదు, మర్నాటి పురుడు. కోశానికి సూదిమొనంత గుండ్రటి బొక్క ఉండి లోపల డొల్లగా ఉంటే చిన్న కందిరీగలు తిని వెళ్లాయి. కోశం నుంచి తెల్లటి సన్నని దారం వేలాడి కింద బియ్యపు గింజ లాంటి పురుగులు పడి ఉంటే ఈగ జాతి పరాన్నజీవి. పెద్ద పురుగు ఒంటి మీద తెల్లటి చిన్న చిన్న గూళ్లు పేలాలు అంటించినట్టు కనబడితే అవీ ఒక కందిరీగ పిల్లలవే. ఎక్కువగా పురుగు మన ఇంటికి రాకముందే జరిగిన పని అది, మన పెంపకం లోపం కాదు. పొలంలో పురుగుల లెక్క అదుపులో ఉంచేది ఈ ఈగలూ కందిరీగలే గనుక పిల్లలకు అది కూడా చూపించాలి. సీతాకోకచిలుకే కావాలంటే పెద్ద పురుగును కాక గుడ్డును తెచ్చుకోవడం మేలు.

రోగమైతే వేరు. పురుగు సోలిపోయి తలకిందులుగా వేలాడి, ముడితే నల్లటి నీరు కారిందంటే అంటురోగం. దాన్ని, దాని ఆకును కాల్చేయాలి. మిగిలిన వాటిని వేరే పాత్రలోకి మార్చాలి. పాత జాలీని పట్టు రైతులు వాడే ద్రావణంతో కడగొచ్చు: లీటరు నీళ్లకు 20 గ్రాముల బ్లీచింగ్ పొడి, 3 గ్రాముల సున్నం. ఆరుబయట కలపాలి, యాసిడ్ గానీ ఫినాయిలు గానీ చేర్చకూడదు. అరగంట నానాక మంచినీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టాలి.

బయటికి రావడం ఎక్కువగా ఉదయం పూటే. రెక్కలు తడిగా, నలిగిన గుడ్డలా ఉంటాయి. వేలాడుతూ గంటా రెండు గంటలు ఆరబెట్టుకుంటుంది. కింద ఎర్రటి చుక్కలు పడితే నెత్తురు కాదు, కోశంలో మిగిలిన మలినం. ఎండెక్కాక, గాలి తగ్గినప్పుడు పూలున్నచోట వదిలేయాలి. వాన పడుతుంటే మర్నాటిదాకా ఉంచవచ్చు. చెంచా చక్కెర, పది చెంచాల నీళ్లు కలిపి దూది తడిపి పెడితే తాగుతుంది. నర్సరీల దగ్గర మాత్రం వదలొద్దు, నిమ్మ, చీనీ అంటు మొక్కలకు దీని పిల్లలే చేటు.

వేసవిలో ఈ పని పెట్టుకోకూడదు. కడప ఎండకు లేత ఆకు ఉండదు, ఆకు ఉన్నా గంటలో వాడుతుంది, కిటికీ పక్కన సీసా లోపల వేడి బయటి కంటే ఎక్కువై పురుగు ఉడికిపోతుంది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మనకు తగిన కాలం. పొడిగాలి రోజుల్లో జాలీ పక్కన తడి ఇసుక పళ్లెం పెడితే సరిపోతుంది, పురుగు మీద నీళ్లు చల్లనక్కరలేదు.

కాలంతో పని లేకుండా పెంచాలనుకునే బడులకు పట్టుపురుగే తగినది. హిందూపురం చుట్టుపక్కల మల్బరీ ఉంది, కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. ఒక తల్లి నాలుగైదు వందల గుడ్లు పెడుతుంది, బడికి కావలసింది ఇరవై పురుగులు. రెండో జ్వరం దాటిన పురుగులను రైతు ఇస్తే చిన్ననాటి కష్టం తప్పుతుంది. పెంపకం గది 24, 25 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. పాతిక రోజుల్లో గూడు కడతాయి. గూడు లోంచి వచ్చే రెక్కల పురుగు ఎగరదు, తినదు, వారం బతుకుతుంది. మిగిలిన పురుగులను తిరిగి రైతు షెడ్డుకు మాత్రం పంపకూడదు, బడిలో అంటిన రోగం ఆయన పంటనంతా తుడిచిపెట్టేయగలదు. షెడ్డులోకి అడుగుపెట్టేముందు కాళ్లు మందు నీళ్లలో ముంచమని ఆయన అడిగితే మొహమాటపడకుండా ముంచండి.

మీ పత్రికకు ఒక విన్నపం. పిల్లల పేజీలో ఇలాంటి పెట్టె వేసేటప్పుడు జూన్, జూలైలో కాక ఆగస్టులో వేయండి. పురుగు బొమ్మ చిన్నదైనా ఫరవాలేదు, దాని ఆకు బొమ్మ పెద్దదిగా, పేరుతో సహా వేయండి. మునగ కంబళి పురుగు బొమ్మే దొరికితే దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం